చెవిటి మేస్త్రీ అని కొడితే

మూడు దాటి ఐదు నిమిషాలైంది. నాలుగింటికి మా మేనేజరు ఫోన్ చేస్తాడు, ఐదింటికి కంపెనీ మనిషి వచ్చి అన్నయ్య చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని పోతాడు, ఈలోగా నేను ఈ పాత స్టూలు మీద అన్నయ్య ఫోను చేతిలో పట్టుకుని, ఏదో పెద్ద జబ్బు కనిపెడుతున్న దానిలా కనుబొమలు ముడేసుకుని కూర్చున్నాను. జబ్బు నాకు తెలుసు. ఫోను ముట్టుకోకముందే తెలుసు, పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, "నువ్వు చేసేది ఆ ప్రకటనల పనేగా, మన షాపు ఫోన్లో కనబడట్లేదే, ఒకసారొచ్చి చూసిపెట్టు" అన్నప్పుడే తెలుసు, అంతకు పద్నాలుగు రోజుల ముందు నుంచీ తెలుసు. ఆ జబ్బు నేనే. అయినా ఆఫీసులో తలనొప్పి అని చెప్పి సగం రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చాను. తలనొప్పి నిజమే. ఈ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. కళ్ళు మూతలు పడుతున్నాయి, ఇక్కడే ఈ నూనె వాసనలో గోడకి తల ఆనించి నిద్రపోయి, లేచేసరికి ఐదు దాటిపోయి, సంతకం అయిపోయి ఉంటే, నా ప్రమేయం లేకుండా అంతా జరిగిపోయి ఉంటే ఎంత హాయి అనిపిస్తోంది. ఎంత సిగ్గులేని హాయి.

అన్నయ్య బెంచీ ముందు వంగి మిషన్ తల విప్పుతున్నాడు. అది ఎవరూ తెచ్చిన మిషన్ కాదు, మాదే, నాన్నది, దానికి ఏ రోగమూ లేదు. దారిన పోయేవాళ్ళు తొంగిచూస్తే పనున్నట్టు కనబడాలని రోజూ దాన్నే విప్పుతాడు, తుడుస్తాడు, నూనె చుక్కలు వేస్తాడు, బిగిస్తాడు. ఇన్నేళ్ళుగా సుఖంగా ఉన్న మిషన్‌ని ఈ మూడు వారాల్లో ఇరవైసార్లు ఆపరేషన్ బల్ల ఎక్కించాడు పాపం. షాపు ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. ఎడమ గోడకి అరలు, అరల్లో బాగై వెళ్ళాల్సిన మిషన్లు ఉండే చోటు, ఇప్పుడు దుమ్ము మీద వాటి అడుగుల గుర్తులు మాత్రం చదరాలు చదరాలుగా ఉన్నాయి. కుడి గోడకి బెల్టులు, చక్రాలు, సూదుల పెట్టెలు. బెంచీ సొరుగులో బాబిన్ల డబ్బా కింద ఆ కాగితం ఉంది. నాకు చూపించలేదు, నూనెగుడ్డ కోసం సొరుగు లాగినప్పుడు నేనే చూశాను. మొన్న ఇక్కడ షోరూమ్ తెరిచిన పెద్ద కుట్టుమిషన్ల కంపెనీవాళ్ళ కాగితం. వ్యానులో ఇంటింటికీ తిరిగే మెకానిక్కు ఉద్యోగానికి. అన్నీ నింపాడు, పెన్సిలుతో, తుడిచెయ్యొచ్చన్న ఆశతో కాబోలు. అనుభవం అన్నచోట ఇరవై ఆరేళ్ళు అని రాసి, కొట్టేసి, పద్దెనిమిది అని రాశాడు. ఎక్కువ చెబితే ముసలాడనుకుంటారని భయం.

బయట బోర్డు మీద ఇంకా నాన్నే ఉన్నాడు. 'చెవిటి మేస్త్రీ. ఇచ్చట కుట్టుమిషన్లు బాగుచేయబడును.' ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. మిల్లులో ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడితే మగ్గాలు ఆయన చెవులు తినేశాయి, మిల్లువాళ్ళు చెవులు తిన్నంత తిని మనిషిని బయటికి ఉమ్మేశారు. షాపు పెట్టిన మొదటి వారంలోనే వీధి వీధంతా ఆయన్ని చెవిటి మేస్త్రీ అంది. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం పెయింటరుని పిలిచి ఆ పేరే బోర్డు మీద రాయించాడు. 'వాళ్ళెలాగూ అనే మాట, మనమే పెద్దక్షరాలతో అనేస్తే ఇంక వాళ్ళకి అనడానికేం మిగుల్తుంది?' అన్నాడు. మిషన్ చప్పుడు వినకుండా మిషన్ ఎలా బాగుచేస్తాడని అందరికీ వింత. ఆయన చిటికెన వేలు మిషన్ మెడ మీద పెట్టేవాడు. తెచ్చినవాళ్ళని చక్రం తిప్పమనేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఆ వణుకు వేల్లోంచి మోచేతి దాకా పోయి, అక్కడ ఎక్కడో ఆయనకి వినబడేది. స్క్రూడ్రైవర్ ముట్టుకోబోయే ముందు ప్రతివాళ్ళకీ అదే మాట, గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడే గట్టితనంతో: 'ముందు విందాం, తర్వాత విప్పుదాం.' చెవిటివాడు విందాం అంటుంటే కొత్తవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నవ్వు వినబడకపోయినా పళ్ళు కనబడేవి కదా.

నా మొదటి ఉద్యోగం ఈ షాపులోనే. ఎనిమిదేళ్ళు నాకు. వచ్చినవాళ్ళు చెప్పేది నాన్నకి వినబడదు కనక నేను విని, అట్టముక్క మీద రాసి, దారంతో మిషన్‌కి కట్టేదాన్ని. రెండే వరుసలు. పై వరుసలో ఏమైంది, కింది వరుసలో ఎప్పటినుంచి. ఏమైందో వాళ్ళ మాటల్లోనే రాయాలని నాన్న రూలు. దారం తెగుతోంది అని నేను తెలివిగా రాస్తే ఒప్పుకునేవాడు కాదు. 'ఆవిడ ఏమందో అదే రాయి, నీ తెలివి వద్దు' అనేవాడు. అందుకే అట్టల మీద 'కుడివైపు ఏడుస్తోంది' అని, 'పంటి కింద రాయిలా ఉంది' అని, 'మా అత్తగారిలా ఆగి ఆగి సాధిస్తోంది' అని ఉండేవి. ఆ ఏడుపుని చదివి, వేలు పెట్టి, సరిగ్గా ఆ మరనే విప్పేవాడు. కింది వరుస మర్చిపోతే మాత్రం అట్ట వెనక్కి ఇచ్చేసేవాడు. ఎప్పటినుంచో తెలియని జబ్బు సగం జబ్బే అని ఆయన లెక్క. జనం తమ బాధని ఏ మాటల్లో చెప్పుకుంటారో పట్టుకోవడం, అదే ఇప్పుడు నేను గాజు గదిలో కూర్చుని జీతం తీసుకుంటున్న పని. నన్ను ఏ కాలేజీ తయారుచెయ్యలేదు. పదో తరగతి, ఈ అట్టముక్కలు, ఆ తర్వాత ఫోన్లో చూసి నేర్చుకున్న పాఠాలు. ఆఫీసులో పెద్ద చదువులవాళ్ళకి తట్టని మాటలు నాకు తడతాయని మేనేజరు మెచ్చుకుంటాడు. 'జనం భాష నీకు తెలుసు' అంటాడు. తెలుసు. తెలిసిందాన్ని ఏం చేశానో చూడండి.

"ఏం తేలింది?" అన్నాడు అన్నయ్య, తలెత్తకుండా.

"చూస్తున్నా."

"డాక్టరమ్మలా ఆ మొహమేంటే? ఎన్నాళ్ళు బతుకుతానో చెప్పేసెయ్."

"నీకేం, వందేళ్ళు."

"నాక్కాదు, షాపుకి."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఫోనులో 'చెవిటి మేస్త్రీ' అని కొట్టాను, తెలిసి తెలిసి, దెబ్బ తగిలినచోట మళ్ళీ వేలితో నొక్కినట్టు. మొదట కంపెనీ వచ్చింది. పక్కన చిన్నక్షరాలతో ప్రకటన అని. దాని కింద ఇంకో షోరూమ్. దాని కింద కొత్త మిషన్ల బొమ్మలు, ధరలు. బొటనవేలు నొప్పి పుట్టేదాకా తోస్తే అట్టడుగున, బోర్డు వంకరగా పడిన ఒక పాత ఫోటోతో, మేము. అంత కిందికి ఎవడు దిగుతాడు? ఎవరూ దిగరని నాకు అంకెలతో సహా తెలుసు. జనం బద్ధకస్తులు కారు, జనం అలిసిపోయి ఉన్నారు, మిషన్ ఆగిపోయిన మనిషి పనాగిన కంగారులో మొదట కనబడినదాన్ని నొక్కుతుంది. మా వృత్తి మొత్తం నిలబడి ఉన్నది ఆ కంగారు మీదే.

ఇది ఎలా జరుగుతుందో అన్నయ్యకి ఒకసారి చెప్పబోయి మానేశాను, చెబితే నవ్వుతాడు, ఆ నవ్వు నేను భరించలేను. ప్రతి మాటకీ వేలం ఉంది. 'కుట్టుమిషన్ రిపేరు' అన్న మాటకి వేలం, 'దగ్గరలో టైలరు' అన్న మాటకి వేలం, ఎవరో ఒక మాట కొట్టి వేలు ఎత్తేలోపు, రెప్పపాటులో, వేలం పాట ముగిసిపోతుంది, గెలిచినవాడు పైన కూర్చుంటాడు. సరే, అంతవరకు సంత అనుకుందాం. కానీ మనిషి పేరుకి కూడా వేలం ఉంది. ఒకడి పేరు పెట్టి పిలిస్తే ఇంకొకడు 'ఆయ్' అని పలకొచ్చు, డబ్బు కడితే చాలు, తప్పు కాదు, అందరూ చేసేదే. ఆ మొదటివాడు తన పేరుకి తాను పలకాలంటే తనూ వేలంలో నిలబడి తన పేరు తనే కొనుక్కోవాలి. మా నాన్నని మిల్లు చెవిటివాణ్ణి చేసింది, వీధి ఆ అవిటితనాన్ని పేరు చేసింది, ఆయన ఆ పేరుని బతుకు చేశాడు, ఇప్పుడు దాన్ని తూకానికి పెట్టింది ఎవరో దొర కాదు, నేను, ఆయన అట్టముక్కలు రాసిన పిల్లని. పదహారేళ్ళప్పుడు కుట్టుపనివాళ్ళ సమ్మెకి గోడల మీద రాతలు రాసినదాన్ని. బకెట్టులో సున్నం, చేతిలో కుంచె, నా అక్షరాలు వంకర టింకర, ఒత్తులు తప్పులు, అయినా ఆ వీధిన పోయిన ప్రతివాడూ చదివాడు. గోడ ఎవణ్ణీ అడగలేదు నువ్వెంత కడతావని. ఆ కుంచె పట్టిన చెయ్యే ఇది. మణికట్టు నొప్పి, పట్టీ వేసుకున్నాను, మౌసు నొప్పి.

జరిగింది ఏమిటంటే, ఇరవై మూడు రోజుల కిందట, కంపెనీ షోరూమ్ తెరిచిన వారం, వాళ్ళ ప్రకటనలకి మాటల జాబితా నేను తయారుచెయ్యాలి. మా యంత్రం ఒకటుంది, ఈ చుట్టుపక్కల జనం ఏయే మాటలు వెతుకుతున్నారో గుట్టగా తెచ్చి పోస్తుంది, మనం ఒక్కొక్కటీ చదివి, పనికొచ్చేదాని పక్కన గడిలో గీత పెట్టాలి. రెండు వందల పద్నాలుగు మాటలు. సాయంత్రం ఆరవుతోంది, పొద్దుటినుంచి అది నాలుగో కంపెనీ, కళ్ళ ముందు అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. అన్నిటికంటే పైన ఒక గడి ఉంటుంది, దాన్ని నొక్కితే కిందవన్నీ ఒకేసారి ఎంపికైపోతాయి. నొక్కకూడదని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే. నొక్కాను. ఒక్కసారి, అలిసిన వేలు. నూట నలభై ఏడో వరుసలో 'చెవిటి మేస్త్రీ' ఉంది. నేను చదవలేదు. యంత్రానికి అదొక మాట, కుట్టుమిషన్లకి సంబంధించిన మాట, మనిషని దానికెలా తెలుస్తుంది? నాకు తెలియాలి.

దాంతో ఆగిందా? ప్రకటనకి పదిహేను పైవాక్యాలు కావాలి, ఒక్కొక్కటీ ముప్పై అక్షరాల కొలతలో ఇమడాలి, గుణింతం ఒకటి, ఒత్తు ఒకటి, సున్నా ఒకటి, కామా కూడా ఒకటి. పద్నాలుగు రాశాను. ఇంటికే వస్తాం, అదే రోజు రిపేరు, ఏ మిషన్ అయినా సరే, ఇలాంటి చచ్చిన మాటలు పద్నాలుగు. పదిహేనోది రాదు. గాజు తలుపవతల అందరూ సంచులు సర్దుకుంటున్నారు. అప్పుడు నా ప్రమేయం లేకుండానే వేళ్ళు కొట్టేశాయి: ముందు విందాం, తర్వాత విప్పుదాం. పక్కన లెక్కపెట్టే అంకె ముప్పై మీద ఆగింది. సరిగ్గా ముప్పై. ఎవరో కొలిచి ఇచ్చినట్టు. నాకు సంతోషమేసింది, దేవుడా, ఆ క్షణంలో నిజంగా సంతోషమేసింది, నాన్న మాట పని చేస్తుందని. సంచి తీసుకుని ఇంటికెళ్ళిపోయాను.

తొమ్మిదో రోజు మీటింగులో మేనేజరు గోడమీద బొమ్మ వేసి చూపించాడు. అన్ని గీతలూ నేలమీద పాకుతుంటే ఒకటి మాత్రం నిటారుగా లేచింది. ఆ గీత పక్కన పేరు చదివాను. చెవిటి మేస్త్రీ. కంపెనీకి అన్నిటికంటే బాగా పనిచేసిన మాట. అది కొట్టినవాళ్ళలో ముగ్గురికి ఒకరు మన ప్రకటన నొక్కారట. ఆ పైవాక్యం అన్నిటికంటే మేలైనదట. చప్పట్లు. నా వీపు మీద తట్టారు. ఎవరో 'ఎవరీ చెవిటి మేస్త్రీ, ఎవరైతేనేం, మన పాలిట దేవుడు' అన్నారు. అందరూ నవ్వారు, నేనూ పళ్ళు చూపించాను. ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చుని, జనం నిజంగా ఏమేం కొట్టారో ఆ చిట్టా తెరిచాను. 'చెవిటి మేస్త్రీ షాపు ఉందా తీసేశారా.' 'చెవిటి మేస్త్రీ పోయాక ఎవరు చూస్తున్నారు.' 'చెవిటి మేస్త్రీ కొడుకు ఫోన్ నంబరు.' 'మిషన్ కుడివైపు ఏడుస్తోంది చెవిటి మేస్త్రీ.' అట్టముక్కలు. అవన్నీ అట్టముక్కలే. నాన్న పోయి ఆరేళ్ళైంది, జనం ఇంకా తమ మాటల్లోనే ఆయనకి చెప్పుకుంటున్నారు, ఒక్కొక్క అట్టనీ నేను మధ్యలో లాక్కుని ఎవరికో అమ్ముతున్నాను. ఆ రోజే తీసెయ్యాలి. తీసెయ్యలేదు. పద్నాలుగు రోజులు. ఎందుకంటే ఏం చెప్పను? కంపెనీ ఒప్పందం ఈ నెలతో తిరగరాయాలి, ఆ ఒక్క గీత చూసే తిరగరాస్తారు, గీత పడిపోతే ముందు పోయేది నా సీటే. భయం అంటే మళ్ళీ ఏదో గొప్పగా ఉంటుంది. అలుపు. పొద్దున లేచి చెప్పులేసుకునేటప్పుడు ఇవాళ చెబుదాం అనుకోవడం, సాయంత్రం చెప్పులిప్పేటప్పుడు రేపు చెబుదాం అనుకోవడం. పెద్ద పెద్ద ద్రోహాలన్నీ ఇలాగే చెప్పులేసుకునీ విప్పుకునీ జరుగుతాయేమో.

"డబ్బు కడితే పైకొస్తామటగా?" అన్నాడు అన్నయ్య. మిషన్ మెడ బిగిస్తున్నాడు. "మరి మనమూ కడదామా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ వదిన. వాళ్ళ ఆఫీసులో ఎవరో అన్నారట. ఎంతవుతుందో నువ్వు చెప్పు."

"నీ పేరుకి నువ్వెందుకు కట్టాలన్నయ్యా?"

"నా పేరు కాదుగా, నాన్న పేరు," అన్నాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "వదిలెయ్యవే. లోపం ఫోన్లో లేదని నాకూ తెలుసు. నాన్న చెయ్యి వేరు. నాకు చెవులు పనిచేస్తాయి, అదే వచ్చిన చిక్కు. చప్పుడు విని విప్పేస్తా. ఆయనైతే..." చిటికెన వేలు ఎత్తి చూపించి దించేశాడు. "జనం పిచ్చోళ్ళా? తేడా తెలిసిపోతుంది. అందుకే రావట్లేదు."

ఇదిగో, ఇది. ఇది నేను ఊహించలేదు. దారి తప్పించింది నేనైతే నడక రాదని తనని తాను తిట్టుకుంటున్నాడు. ఇరవై ఆరేళ్ళని పద్దెనిమిది చేసుకున్నది ముసలితనం భయంతో కూడా కాదేమో, తన చేతికి అంతకంటే విలువ లేదని నిజంగానే అనుకుంటున్నాడేమో. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మ. మిషన్ తలని దుప్పట్లో చుట్టి చంటిపిల్లలా చంకనేసుకుని, ఎగరొప్పుతూ.

"ఉన్నారా అయితే!" అంది, గుమ్మంలోనే. "ఎత్తేశారనుకున్నా. పాపిష్టివాళ్ళు, నాకు అలాగే చెప్పారు."

"ఎవరక్కా?" అన్నాడు అన్నయ్య, లేచి మిషన్ అందుకుంటూ.

"ఎవరేంటి, ఫోనెత్తినవాళ్ళు! చెవిటి మేస్త్రీ అని కొట్టా, పైన వచ్చినదాన్ని నొక్కా, మోగింది. చెవిటి మేస్త్రీ వాళ్ళేనా అంటే, ఆఁ చెప్పండి మేడమ్ అన్నాడొకడు. మేడమ్ అన్నప్పుడే అనుమానం రావాల్సింది నాకు, మీ నాన్న ఏనాడైనా మేడమ్ అన్నాడా? ఏమే అనేవాడు."

"వచ్చారా మరి?"

"వచ్చారు, తెల్లచొక్కాలేసుకుని ఇద్దరు. మూత కూడా విప్పలేదు. ఇది అయిపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి అన్నారు. మీ నాన్న చేతిలో బాగైన మిషన్ రా ఇది, ఇరవై ఏళ్ళుగా నా పిల్లల్ని సాకిందీ, అయిపోయిందా! అయిపోయింది మీరు పొండి అన్నా." చెంగుతో మొహం తుడుచుకుంది. నన్ను చూసి, "నువ్వా! అట్టముక్కల పిల్లవి కదూ? నెత్తిమీద ఇన్ని తెల్లవెంట్రుకలేంటే? ఏం రాచకార్యాలు చేస్తున్నావు?"

"ఏదో, కంప్యూటర్ పని," అన్నాను.

"చూడు మరి ఈ కంప్యూటర్ల మోసం." ఫోను తీసి అన్నయ్య మొహం ముందు పెట్టింది. "చదువు. నాకు అనుమానం రాకపోవడానికి కారణం ఇదే. మీ నాన్న మాట కూడా ఎత్తుకుపోయారు."

అన్నయ్య కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకున్నాడు. పెదవులు కదిపాడు. ముందు విందాం, తర్వాత విప్పుదాం. మళ్ళీ చదివాడు. నేను బెల్టుల వైపు చూస్తున్నాను, బెల్టులు లెక్కపెడుతున్నాను, పదకొండు, పన్నెండు, ఇప్పుడు అరుస్తాడు, అరిస్తే బావుండు, ఫోను నేలకేసి కొడితే ఇంకా బావుండు. అన్నయ్య మొహంలో ఏదో వెలిగింది. అవును, వెలిగింది.

"ఎవరో నాన్నని బాగా ఎరిగినవాళ్ళే రాశారక్కా ఇది," అన్నాడు. "కామా చూడు ఎక్కడ పెట్టారో. ఆయన సరిగ్గా అక్కడే ఆగేవాడు, ఊపిరి పీల్చుకోడానికి. గుర్తుపెట్టుకున్నారు ఎవరో. ఎంత బాగుందో చూడు, ఇన్నేళ్ళ తర్వాత..." దగ్గి, నావైపు తిరిగాడు. "నువ్వూ చదవ్వే."

"దొంగ సరుకుకి మెప్పొకటి!" అంది టైలరమ్మ. "రేపొచ్చి తీసుకెళ్తా. అట్ట కట్టు, లేకపోతే ఎవరిదో నాకంటగడతావు." నా భుజం మీద ఒకటి వేసి, మెట్లు దిగిపోయింది.

మూడూ నలభై ఎనిమిది. నా సంచిలో నా ఫోను ఉంది, అందులోంచే ఆ జాబితా తెరవొచ్చు, 'చెవిటి మేస్త్రీ' అన్న మాటని నిషేధపు పట్టీలో వేసెయ్యొచ్చు, ఆ పేరుకి ఇంక కంపెనీ పలకదు, నాలుగు నొక్కులు, ఎవరికీ తెలియదు. అన్నయ్య ఇంకో వారంలో 'అరె, జనం వస్తున్నారే' అనుకుంటాడు, నేను మంచి చెల్లెలిగా నవ్వుతాను. ఫోను బయటికి తీసి బెంచీ మీద పెట్టాను కూడా. కానీ వారం ఎక్కడిది? ఐదింటికి సంతకం. తన చెయ్యి పనికిరాదన్న నమ్మకంతోనే పెడతాడు, పెట్టి, తెల్లచొక్కా వేసుకుని, నాన్న పేరు నొక్కిన ఇళ్ళకే వ్యానులో వెళ్ళి, మూత విప్పకుండా కొత్తది కొనుక్కోండమ్మా అంటాడు. పైగా నేను చాటుగా తీసిన మాటని మేనేజరు రేపు మళ్ళీ పెట్టిస్తాడు, నాలుగింటికి ఫోన్ చేసేది అందుకే, 'ఆ పదాన్ని ఇంకా పిండాలి' అని నిన్ననే అన్నాడు. అతను తల్చుకోకపోయినా యంత్రం ఊరుకోదు, 'చెవిటి మేస్త్రీ కొడుకు' అని, 'చెవిటి మేస్త్రీ వీధి' అని దగ్గరి మాటలు తనే ఏరుకుంటుంది. చాటుగా చేసిన తప్పుని చాటుగా దిద్దుకోవడం ఇంకో తప్పు. ఎప్పుడో గోడమీద నేనే రాసిన మాట గుర్తొచ్చింది, ఒత్తు తప్పుతో, 'ఏ సంగతైనా ఎదుటే తేల్చుకుందాం' అని. ఎంత తేలిగ్గా రాశాను, ఆ రాత చదవాల్సినవాళ్ళు యజమానులు, నేను కాదు కదా.

అన్నయ్య టైలరమ్మ మిషన్‌ని బెంచీ మీద పెట్టి దుప్పటి విప్పుతున్నాడు, పసిబిడ్డకి బట్ట మార్చినంత మెల్లిగా. మూడు వారాల తర్వాత మొదటి మిషన్. ఒక చేత్తో చక్రం తిప్పుతున్నాడు, ఇంకో చెయ్యి తనకి తెలియకుండానే మిషన్ మెడ మీదికి వెళ్ళింది. చిటికెన వేలు. కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇలాగే చేస్తున్నాడు కాబోలు, ఎవరూ చెప్పలేదు అతనికి. "షటిల్," అని తనలో తను గొణుక్కున్నాడు, అడుగున దారాన్ని అందుకునే కొక్కెం అది. "షటిల్ ముక్కు అరిగింది. ఇంతే." ఇంతే. తెల్లచొక్కాలకి అయిపోయిన మిషన్‌కి ఇంతే.

అట్టల డబ్బా నా చిన్నప్పుడున్న చోటే ఉంది, సూదుల పెట్టెల వెనక. బిస్కెట్ల డబ్బా, మూత మీద బొమ్మ అరిగిపోయింది. ఒక అట్ట టైలరమ్మ మిషన్‌కి రాసి కట్టాను. ఇంకొకటి తీశాను. నోటితో చెప్పలేనని నాకు తెలుసు, నోరు తెరిస్తే సాకులొస్తాయి, సాయంత్రం ఆరైందని, కళ్ళు చీమలని, గడి నొక్కానని. అట్ట మీద సాకులకి చోటుండదు. ఆవిడ ఏమందో అదే రాయి, నీ తెలివి వద్దు. పెన్సిలు తీసుకుని రాశాను: 'నాన్న పేరుకి కంపెనీ పలుకుతోంది. పలికించింది నేను. జనం నీకోసమే వెతుకుతున్నారు.' దారం గుచ్చి, అన్నయ్య ఫోనుకి చుట్టి ముడేసి, బెంచీ మీద, టైలరమ్మ మిషన్ పక్కన, వరుసలో పెట్టాను.

అన్నయ్య కళ్ళు తెరిచి అది చూశాడు. ముందు నవ్వాడు, ఫోనుకి అట్టేంటే అని. కళ్ళద్దాలు దించుకుని చదివాడు. నవ్వు ఒకేసారి పోలేదు, చక్రం చెయ్యి వదిలాక కూడా కాసేపు తిరిగినట్టు, పెదవుల మీద కొంచెంసేపు ఉండి ఆగింది. మళ్ళీ చదివాడు. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ పోయారు. నేను స్టూలు అంచు పట్టుకుని ఉన్నాను, అందులో ఒక కాలు పొట్టి, నా వణుక్కి అది టకటకమంటోంది. అన్నయ్య అట్టని తిప్పి వెనకవైపు చూసి, మళ్ళీ ముందుకి తిప్పి, నావైపు తోశాడు.

"కింది వరుస ఏది?" అన్నాడు. "ఎప్పటినుంచో రాయలేదు."

పెన్సిలు అందుకున్నాను. ఇరవై మూడు రోజులు అని రాశాను. చూస్తూ నిలబడ్డాడు. అతను చూస్తుంటే దాని కిందే ఇంకోటి రాయాల్సి వచ్చింది: నాకు తెలిసి పద్నాలుగు. అది చదివి కళ్ళద్దాలు తీసేశాడు. మొహం అటు తిప్పుకుని సొరుగు లాగాడు, బాబిన్ల డబ్బా ఎత్తాడు, కాగితం తీశాడు. చింపేస్తాడనుకున్నాను. చింపలేదు. దాన్ని నూనెడబ్బా కింద పరిచాడు, మరక పడకుండా ఉండటానికి మామూలుగా పాతపేపరు పరిచేచోట.

బెంచీ మీద నా ఫోను వణకడం మొదలుపెట్టింది. సూదులు, మరలు, స్క్రూడ్రైవర్లు అన్నీ దాంతోపాటు గలగలమన్నాయి. నాలుగు. మేనేజరు. అన్నయ్య దానివంక చూశాడు. చిటికెన వేలు దానిమీద పెట్టాడు. ఆ వణుకు వేల్లోంచి పైకి పోతున్నట్టు మోచెయ్యి కొంచెం కదిలింది.

"ఎత్తు," అన్నాడు. "నేనూ వింటా."

స్పీకరు పెట్టాను. "ఏమ్మా, తలనొప్పి తగ్గిందా?" అంది ఆ గొంతు, హుషారుగా, షాపంతా నిండేలా. "ఒక్క నిమిషం చాలు నాకు. మన బంగారుగుడ్డు గురించే. ఆ పదం మీద బడ్జెట్ రెట్టింపు చెయ్యమంటున్నారు క్లయింటు. చేసేద్దామా?"

నూనె వాసన. పొట్టికాలు టకటక ఆగిపోయింది, నేను లేచి నిలబడ్డానన్నమాట.

"ముందు ఒక మాట వినండి సార్," అన్నాను. "ఆ పదం మా నాన్న."